యాభై దాటితే రండి

మా నర్సింగ్ హోమ్‌లో నన్ను లెక్కల సిస్టర్ అంటారు. ఎదురుగా అనరు, నా నోటికి భయం. నారాయణగూడ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక సందులో కింద మందుల షాపు, పైన పన్నెండు మంచాలు, అన్నీ పిల్లలవే. అక్కడ ఇరవై మూడేళ్లుగా పనిచేస్తున్నాను. పేరు విజయశ్రీ. ఆయాసంతో వచ్చిన ప్రతి బిడ్డ తల్లికో తండ్రికో నా చేతి గడియారం చూపించి, బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం నేర్పిస్తాను. నేర్చుకోనివాళ్లని తిడతాను. నా తిట్లు పడలేక నేర్చుకున్నవాళ్లే ఎక్కువ.

ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు. పెదవులు నీలం తిరిగిన బిడ్డని చేతుల్లో పెట్టి "నిన్నటి సంది జర దమ్ముండె సిస్టర్" అనేవాళ్లని చూసి చూసి వచ్చింది. జర అంటే ఎంత? ఒకరి జర ఇంకొకరికి ప్రాణం పోయేంత. అంకె అయితే ఎవరు చెప్పినా ఒకటే అని నా నమ్మకం. పిల్లల డాక్టర్ గోవర్ధన్ గారు, ఆ నర్సింగ్ హోమ్ ఆయనదే, "విజయమ్మ దగ్గర క్లాసు విన్నారా?" అని తల్లిదండ్రులని అడిగి మరీ పంపేవారు. నాకు అది బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

రెండువేల పదకొండు అక్టోబర్. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, ఆటోలు ఉన్న రోజు ఉన్నట్టు లేని రోజు లేనట్టు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. చిక్కడపల్లి నుంచి నేను నడిచి వచ్చేదాన్ని. నాతోపాటు డ్యూటీ చేసే కుసుమ, ఇరవై రెండేళ్ల పిల్ల, బర్కత్‌పుర నుంచి నడిచి వచ్చేది. సమ్మె ఉందని జబ్బులు ఆగవు కదా. వాన వెనకబట్టి చలి మొదలయ్యే ఆ రోజుల్లో ఏడాది లోపు పిల్లలకి ఒక మాయదారి జలుబు వస్తుంది. రెండు రోజులు ముక్కు కారుతుంది, మూడో రోజుకి లోపలి సన్న గొట్టాలు వాచిపోయి ఊపిరి ఆడదు. మా పన్నెండు మంచాల మీద ఆ వారం పద్నాలుగు మంది ఉన్నారు.

ఆ వారమే, సోమవారం పొద్దున, ఉప్పలయ్య వచ్చాడు. వెనకాల భార్య నవనీత, ఆమె భుజం మీద ఏడు నెలల రోజా. పిల్ల గురగురమంటోంది కానీ కళ్లు చురుగ్గానే ఉన్నాయి. నా మెడలో వేలాడే స్టెతస్కోపు పట్టుకుని లాగింది కూడా.

"ఏం చేస్తవ్ తమ్మీ?" అని అడిగాను.

"గ్రూప్ టూకి ప్రిపేర్ అయితున్నక్కా. అశోక్ నగర్‌ల ఉంటం."

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగేండ్లు."

"గట్లయితే నేను చెప్పే సిలబస్ నీకో లెక్క గాదు. రా, నేర్పుత."

అతను నవ్వాడు. మంచి నవ్వు, సిగ్గుపడుతూ నవ్వేవాడు. వాళ్లది మానుకోట దగ్గర పల్లె. అశోక్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో నవనీత వంట చేస్తుంది, ఆ హాస్టల్ వెనకే రేకుల గదిలో కాపురం. ఆమె వంటింట్లో ఉన్నంతసేపూ పిల్లని పక్కన పడుకోబెట్టుకుని ఇతను చదువుకుంటాడు.

డాక్టర్ గారు చూసి మందు ఆవిరి పెట్టమన్నారు. చిన్న మాస్కు ముక్కుకీ నోటికీ ఎలా ఆనించి పట్టుకోవాలో నవనీతకి చూపించాను. పాలు పట్టే ముందు ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయాలని, తల వైపు కాస్త ఎత్తు పెట్టి పడుకోబెట్టాలని చెప్పాను. ఆమె మాట్లాడకుండా అన్నీ విని, చెప్పింది చెప్పినట్టు చేసింది. తర్వాత ఉప్పలయ్యని పిలిచి పిల్ల గౌను పైకి జరిపాను.

"పొట్ట సూడు. ఒకసారి లేస్తే ఒకటి. నిమిషం నిండా లెక్కవెట్టాలె, సగం పెట్టి డబుల్ చేసుడు నా దగ్గర నడవది. ఏడ్చేటప్పుడు పెట్టకు, తప్పొస్తది. ఊకున్నప్పుడే పెట్టు. ఏడాది లోపు పిల్లలకు యాభై దాటితే డేంజర్. దాటిందనుకో, ఎన్ని గంటలకైనా సరే ఉరికి రా. దాటకపోతే నా నెత్తి తినకు."

"యాభై లోపల ఉంటే మంచిదే గదక్కా?"

"మంచిదే."

అన్నాను. మంచిదే అన్నాను. తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

మర్నాడు ఉప్పలయ్య ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చాడు. స్కేలు పెట్టి గళ్లు గీశాడు. టైము, ఊపిరి, రిమార్కులు. అరగంటకోసారి పెట్టిన లెక్కలన్నీ వరుసగా ఉన్నాయి. నలభై ఆరు, నలభై ఎనిమిది, నలభై అయిదు. యాభై వస్తే ఎర్ర పెన్నుతో రాయాలని పక్కన ఎర్ర పెన్ను కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. ఇరవై మూడేళ్లలో నా పాఠాన్ని ఇంత శ్రద్ధగా రాసుకున్నవాడు లేడు. ఆ పుస్తకం పట్టుకెళ్లి కుసుమకి చూపించాను. "సూడు, నీ కేస్ షీటు కన్న నీటుగున్నది. నేర్చుకో," అన్నాను. డాక్టర్ గారికీ చూపించాను. ఆయన భుజం తడితే ఉప్పలయ్య మొహం వెలిగిపోయింది. నాలుగేళ్లుగా ఎందులోనూ పాసవని మనిషికి ఎక్కడో ఒకచోట మార్కులు పడ్డాయి. ఆ సంతోషంలో నా వాటా కూడా ఉంది.

నవనీత మాత్రం పుస్తకం వైపు చూడలేదు. "అక్కా, పాలు మునుపటి లెక్క గుంజుతలేదు," అంది.

"ముక్కు పట్టేసినప్పుడు గట్లనే ఉంటదమ్మా. కొంచెం కొంచెం, గంటకోసారి పట్టు," అన్నాను. తప్పు చెప్పలేదు. ఆ రోజుకి అది సరైన మాటే.

బుధవారం సాయంత్రం పిల్లకి ఆయాసం కాస్త పెరిగింది. యాభై నాలుగు. మందు ఆవిరి పెట్టాక నలభై ఎనిమిదికి వచ్చింది. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ తొంభై మూడు. డాక్టర్ గారు పెదవి విరిచారు. ఉంచుకుందామంటే మంచం లేదు. ఇంకోచోటికి వెళ్తారా అని అడిగితే ఉప్పలయ్య నా వైపు చూశాడు.

"ఇక్కడనే చూపించుకుంటం సార్. అక్కకు మా బిడ్డ సంగతి ఎరుకే," అన్నాడు.

"సరే. రేపు పొద్దున పదింటికి ఆరో బెడ్ ఖాళీ అవుతుంది, తెచ్చి పడుకోబెట్టండి. ఈలోపల లెక్క యాభై దాటిందా, వెంటనే వచ్చేయండి. బెడ్ లేకపోతే బెంచీ మీదైనా పెట్టి చూస్తాను," అన్నారు డాక్టర్ గారు.

గురువారం పొద్దున నేను డ్యూటీలోకి వచ్చేసరికి ఎనిమిది దాటింది. కరెంటు పోయి జనరేటర్ మోగుతోంది. మూడో మంచం పిల్లవాడు వాంతి చేసుకున్నాడు, తొమ్మిదో మంచం తల్లి సెలైన్ ఆగిపోయిందని అరుస్తోంది. కుసుమ ఇంకా రాలేదు. అప్పుడు ఫోను మోగింది.

"అక్కా, నేను ఉప్పలయ్యని. పొద్దుగాల ఆరింటికి అరవై రెండుండెనక్కా."

"మరి ఇంక ఇంట్ల ఏం చేస్తున్నవ్ రా?"

"వస్తుంటిమి అక్కా. చెప్పులు గుడ తొడుక్కున్న. ఆటో దొరకలే. నడుద్దామని లేసి, మల్లోసారి లెక్కవెడితే యాభై ఆరే ఉన్నది. ఏడింటికి నలభై ఎనిమిది. ఇప్పుడు నలభై ఒకటి. మూడుసార్లు పెట్టి చూసిన అక్కా, తప్పులేదు. నిమ్మలమైంది."

నిమ్మలమైంది. మా దగ్గర ఈ మాటకి ఒక మహిమ ఉంది. జ్వరం దిగినా నిమ్మలమే, ఏడ్చే బిడ్డ ఊరుకున్నా నిమ్మలమే, ఇంట్లో కొట్లాట సద్దుమణిగినా నిమ్మలమే. చెప్పేవాడికీ వినేవాడికీ ఒకేసారి భుజాలు దిగుతాయి. నావీ దిగాయి.

ఎవరు ఫోన్ చేసినా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పాలు తాగిందా, ఏడుస్తోందా, పిలిస్తే చూస్తోందా. ఆ పొద్దున ఒక్కటి కూడా అడగలేదు. ఉప్పలయ్య లెక్క మీద నాకంత నమ్మకం. ఇంకా చెప్పాలంటే, నేను నేర్పిన లెక్క కాబట్టి అంత నమ్మకం. ఫోనులో వెనకాల నవనీత గొంతు వినిపిస్తూనే ఉంది, ఏదో గబగబా చెబుతోంది. జనరేటర్ మోతలో మాటలు అందలేదు.

"ఏమంటున్నది?" అని అడిగాను.

"ఏం లేదక్కా. ఊకె భయపడుతున్నది."

"తల్లులు గంతే తియ్," అని నవ్వాను. "పదింటికి తీస్కరా. బెడ్ రెడీ పెడ్త."

ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఫోను ఆమెకియ్యి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మూడో మంచం దుప్పటి మార్చడానికి వెళ్లాను.

తొమ్మిదింబావుకి మెట్ల మీద ఉరుకుతున్న చప్పుడు వినిపించింది. నవనీత. జుట్టు ఊడిపోయి ఉంది, ఒక కాలికే చెప్పు ఉంది. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా మొత్తం పిల్లని ఎత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వెనక పది అడుగుల దూరంలో ఉప్పలయ్య, చంకలో నోట్‌బుక్.

"పదింటికి గదక్కా రమ్మన్నది, ఇది వింటలేదు, ఎత్తుకొని ఉరికింది," అని ఆయాసపడుతూ అతను చెబుతున్నాడు. నేను పిల్లని చేతుల్లోకి తీసుకున్నాను.

బిడ్డ బూడిద రంగులో ఉంది. గురగుర లేదు. దగ్గు లేదు. మెడ నా మోచేతి మీద వాలిపోయింది. అరికాలి మీద వేలితో గట్టిగా కొట్టాను, ఏడవలేదు. పొట్ట ఒకసారి కదిలి, ఆగి, నేను భయపడేంతసేపు ఆగి, మళ్లీ కదిలింది.

ఇది నాకు తెలియని సంగతి కాదు. గంటల తరబడి ఎగపోసిన పసిబిడ్డ అలిసిపోతుంది. డొక్కలు ఎగరేయడానికి సత్తువ మిగలదు. అప్పుడు ఊపిరి లెక్క తగ్గుతుంది. బాగుపడే పిల్లకీ తగ్గుతుంది, ఓడిపోయే పిల్లకీ తగ్గుతుంది, అంకె ఒకటే. తేడా పిల్లని చూస్తే తెలుస్తుంది. ఏడ్చే పిల్ల దగ్గర కంగారుపడకు, ఊరుకున్న పిల్ల దగ్గరికి ముందు వెళ్లు అని కుసుమకి వందసార్లు చెప్పాను. ఉప్పలయ్యకి మాత్రం చెప్పలేదు. అతనికి యాభై అన్న పైగీత చూపించి వదిలేశాను.

"సార్!" అని నేను అరిచిన అరుపుకి డాక్టర్ గారు ఓపీలోంచి పరుగున వచ్చారు. ఆయన చేతులు మంచివి. రెండు నిమిషాల్లో పిల్ల గొంతులోకి గొట్టం దించారు. గొట్టానికి రబ్బరు సంచి తగిలించి, ఆక్సిజన్ కలిపి నొక్కడం మొదలుపెట్టాను. నొక్కితే ఛాతీ లేస్తుంది, వదిలితే దిగుతుంది. రంగు కాస్త తిరిగింది. ఆక్సిజన్ డెబ్బై నుంచి ఎనభై ఎనిమిదికి వచ్చింది. కుసుమ అప్పుడే వచ్చి చెప్పులు కూడా విప్పకుండా సూది గుచ్చింది.

చేతులతో ఎంతసేపు నొక్కుతాం? ఆ పని చేసే మిషన్ మా దగ్గర లేదు. మాది చిన్న నర్సింగ్ హోమ్, గొట్టం పడ్డ పిల్ల పెద్ద ఆసుపత్రికి పోవాల్సిందే. డాక్టర్ గారు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒకచోట మిషన్లన్నీ నిండి ఉన్నాయి. ఇంకోచోట ఒక్కటి ఉంది, రిపేరులో ఉంది. ఇంకోచోట సాయంత్రం ఆరింటికి ఖాళీ కావచ్చన్నారు. మిషన్ లేకపోయినా సరే సంచి నొక్కుకుంటూ తెస్తాం అంటే, తెచ్చినా ఇక్కడా నొక్కాల్సిందే కదా సార్, మా దగ్గర నొక్కే చేతులు కూడా లేవు అన్నారు. ఎవరిదీ తప్పు కాదు. ఊళ్లో పసిపిల్లలందరికీ ఒకేసారి ఆ మాయదారి జలుబే.

పదకొండైంది. పన్నెండైంది. నేను అరగంట, కుసుమ అరగంట. మిగతా పద్నాలుగు మందికి మందులు ఎవరు ఇస్తారు? ఒకరు సంచి పట్టుకుంటే ఇంకొకరు వార్డంతా తిరగాలి. నా బొటనవేలు పట్టేసింది. అప్పుడు ఉప్పలయ్య దగ్గరికి వచ్చాడు.

"నేను చేస్తక్కా. నేర్పు."

పెద్ద ఆసుపత్రుల్లో తండ్రులు, మామలు ఇలా నొక్కడం చూశాను. మా దగ్గర ఎప్పుడూ చేయించలేదు. డాక్టర్ గారి వైపు చూశాను, ఆయన తలూపారు. మళ్లీ నేర్పాను. "రెండు సెకండ్లకు ఒకసారి. ఛాతీ లేవంగనే ఇడిసిపెట్టు, బలంగ పిసకకు. గొట్టం కదలనియ్యకు." ఈసారి అన్నీ చెప్పాను. నొక్కుతున్నా ఛాతీ లేవకపోతే, ఒక పక్కే లేస్తే, సంచి గట్టిపడితే, రంగు మారితే, ఆక్సిజన్ అంకె బాగానే ఉన్నా సరే, పిలువు అన్నాను. ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాను. అతను తడబడకుండా అప్పజెప్పాడు.

అతను బాగా చేశాడు. నాకంటే బాగా చేశాడని చెప్పినా తప్పులేదు. గోడ గడియారం వైపు ఒక చూపు, బిడ్డ ఛాతీ మీద ఒక చూపు, పెదవులు మాత్రం కదులుతూ ఉన్నాయి. నవనీత మంచం చివర నిలబడి బిడ్డ రెండు పాదాలూ తన అరచేతుల్లో పెట్టుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్లిస్తే తాగలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిట్లు అలవాటే.

ఒంటిగంటన్నరకి ఆక్సిజన్ మళ్లీ దిగడం మొదలైంది. ఎనభై, డెబ్బై నాలుగు. గొట్టం శుభ్రం చేశాం. కఫం ముద్దగా వచ్చింది, ఇంకా లోపల ఉంది. సంచి గట్టిగా ఎదురు తంతోంది. డాక్టర్ గారు ఛాతీ విన్నారు, మందులు మార్చారు, మళ్లీ ఫోన్ చేశారు. ఆరింటికే అన్నారు అవతల. ఆయన ఫోను పెట్టి గోడకి ఆనుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. ఇరవై మూడేళ్లలో ఆయన్ని అలా చూడలేదు. చేతుల్లో మందులున్నాయి, మనుషులున్నారు, నేర్చుకున్న విద్య ఉంది. ఇవన్నీ కలిపినా ఒక పసిబిడ్డ లోపలికి గుక్కెడు గాలి వెళ్లడం లేదు.

రెండున్నరకి గుండె నెమ్మదించింది. డాక్టర్ గారు రెండు బొటనవేళ్లతో ఛాతీ నొక్కారు, నేను సంచి తీసుకోబోతే ఉప్పలయ్య ఇవ్వలేదు, సరిగ్గానే నొక్కుతున్నాడు కాబట్టి లాక్కోలేదు. కుసుమ మందు ఎక్కించింది. ఇంకోసారి ఎక్కించింది. అరగంట గడిచాక డాక్టర్ గారు చేతులు తీసేసి నా వైపు చూశారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. కుసుమకీ తెలుసు, అటు తిరిగిపోయింది.

ఉప్పలయ్య ఆపలేదు. రెండు సెకండ్లకు ఒకసారి నొక్కుతూనే ఉన్నాడు. ఛాతీ లేస్తూనే ఉంది, నొక్కితే లేస్తుంది కదా.

"తమ్మీ," అన్నాను.

"లేస్తున్నదక్కా. రెండు పక్కల లేస్తున్నది."

"చాలు తమ్మీ. ఇడిసిపెట్టు."

విడవలేదు. ఒక్కొక్క వేలూ నేనే విప్పాల్సి వచ్చింది. విప్పిన చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లోనే ఉంచాడు. గొట్టం తీసి, మొహానికి అంటించిన ప్లాస్టర్ తడిపి మెల్లగా ఊడదీసి, ముక్కు తుడిచి, బిడ్డని నవనీత చేతుల్లో పెట్టాను. ఆమె బిడ్డ నుదుటి మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది.

ఉప్పలయ్య చాలాసేపటికి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో నోట్‌బుక్ లేదు, ఎక్కడ పెట్టాడో చూడలేదు.

"అక్కా, అరవై రెండు నుంచి నలభై ఒకటికి తగ్గింది గద. తగ్గితే మంచిదే గద? నేను తప్పు లెక్కవెట్టిన్నా?"

నవనీత తలెత్తింది. అప్పుడు అర్థమైంది నాకు, ఈ ప్రశ్నకి నేను చెప్పే జవాబు ఆ రేకుల గదిలోకి వాళ్లతోపాటే వెళ్తుందని. నీ లెక్క తప్పు కాదు, రోగం పెద్దది అని తప్పించుకోవచ్చు. డాక్టర్ గారు అదే అని ఉండేవారు, అందులో అబద్ధమూ పెద్దగా లేదు. పొద్దున ఆరింటికి వచ్చి ఉన్నా ఈ మిషన్ దొరికేది కాదేమో. దొరికేదేమో. కానీ నేనేమీ చెప్పకపోతే, పొద్దున మాట వినని మొగుడి మీదే ఆమె బతుకంతా ఈ బరువు పెడుతుంది.

"నీ లెక్క తప్పు గాదు తమ్మీ," అన్నాను. "నేను నేర్పిందే సగం. యాభై దాటితే రమ్మన్న. బిడ్డ అలిసిపోతే గుడ లెక్క తగ్గుతదని చెప్పలే. పొద్దున నువ్వు ఫోన్ చేస్తే పాలు తాగిందా అని అడగాలె, అడగలే. తప్పు నాది. నీది గాదు."

అతను నేను ఏదో భాషలో మాట్లాడినట్టు చూశాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

నవనీత నా వైపే చూస్తోంది. కోపంగా కాదు. బాగా అలిసిపోయిన మనిషి చూసే చూపు.

"నాకు ఎరుకే అక్కా," అంది. "పాలు ముడతలేదు, ఏడుస్తలేదు, నా బిడ్డ నా దిక్కు చూస్తలేదని చెప్పిన. ఫోన్ల గుడ చెప్పిన. మీరిద్దరు లెక్కవెట్టుకుంట కూసున్నరు."

నేను సంచి, గొట్టం ట్రేలో సర్దడం మొదలుపెట్టాను.

సాయంత్రానికి ఒక ఆటో దొరికింది. బిడ్డకి కొత్త గుడ్డ చుట్టి ఇచ్చాను. కింది దాకా నేనూ దిగాను. ఉప్పలయ్య ముందు ఎక్కి చేతులు చాచాడు. నవనీత బిడ్డని అతనికి అందించి, ఎక్కబోతూ ఆగి, వెనక్కి వచ్చింది. కొంగు దగ్గరికి లాక్కుని నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"పాలొస్తున్నయక్కా. పొద్దటి సంది బిడ్డ తాగలే గద, గడ్డ కట్టింది, మస్తు నొస్తున్నది. ఏం చెయ్యాలె?"

ఇంత జరిగినా నన్నే అడిగింది. ఇంకెవరిని అడుగుతుంది, ఇక్కడ ఆమెకి ఎవరున్నారు? రవిక తడిసి కొంగు దాకా వచ్చింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. శుభ్రమైన పాత చీర గుడ్డతో గట్టిగా కట్టుకో, ఊపిరి ఆడనంత గట్టిగా కాదు. పిండకు, పిండితే ఇంకా వస్తాయి. మరీ సలిపితే మాత్రం కొంచెం, నొప్పి తగ్గేదాకే తియ్యి. చల్లటి గుడ్డ వెయ్యి. ఎర్రగా అయితే రా. జ్వరం వస్తే రా. జ్వరం రాకపోయినా చలిగా ఉన్నా, గడ్డ కరగకపోయినా, ఒంట్లో బాగా లేదని ఊరికే అనిపించినా రా. రాలేకపోతే ఫోన్ చెయ్యి, నువ్వే చెయ్యి, ఆయనతో చేయించకు. వారం రోజులు ఉంటుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు, అలా వస్తే భయపడకు. ఇంకా ఏమన్నా మిగిలిపోయిందేమో అని ఆలోచిస్తూ చెబుతూనే ఉన్నాను. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"చాలక్కా," అంది నవనీత, నా చెయ్యి పట్టుకుని. "అన్ని చెప్పినవ్."

ఆటో ఎక్కి బిడ్డని మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.